నివాస వీధిలో డేకేర్: అడ్వాన్సు ఇచ్చే ముందు తేల్చుకోవలసినవి

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు చాలా ఏళ్లు చదువు చెప్పాను. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు పాతికమందికి, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు వరకు డేకేర్ నడపాలని ఉంది. సూర్యారావుపేట ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు ఇప్పటికే అడుగుతున్నారు. మా వీధిలోనే ఒక జీ ప్లస్ వన్ ఇంటి కింది వాటా చూశాను. హాలు పదహారు అడుగులకు పద్నాలుగు, ముందు గది పన్నెండుకు పదకొండు ఉన్నాయి. ఇంటాయన ఒప్పుకున్నారు గానీ, పదకొండు నెలలకు మామూలు ఇంటి అద్దె కాగితమే రాస్తానంటున్నారు. సంగతి తెలిసి వీధిలో పెద్దవాళ్లు కొందరు సంతకాలు చేసి కార్పొరేషన్‌లో అర్జీ ఇచ్చారు. పర్మిషన్ సంగతి తాను చూసుకుంటానని, ముందు బోర్డు పెట్టేయమని ఒక మధ్యవర్తి అంటున్నాడు. సింగ్‌నగర్‌లో ఇంతకన్నా పెద్ద ఇల్లు తక్కువ అద్దెకు వస్తోంది. ఇళ్ల మధ్య డేకేర్ పెట్టడానికి అసలు అనుమతి ఉంటుందా? ఏ ఇల్లు తీసుకోమంటారు?

సమాధానం: ఉంటుందమ్మా. రెసిడెన్షియల్ జోన్ అన్నంత మాత్రాన అందులో ఇళ్లు తప్ప మరేమీ ఉండకూడదని అర్థం లేదు. అక్కడ కాపురమున్నవారికి నడిచి వెళ్లేంత దూరంలో కావలసిన చిన్న సదుపాయాలను, శిశు సంరక్షణ కేంద్రాన్నీ నర్సరీ బడినీ కూడా కలుపుకొని, నివాస ప్రాంతంలోనే అనుమతించడం మన పట్టణ ప్రణాళికల్లో చిరకాలంగా ఉన్న పద్ధతి. మీరు రాసినదంతా చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, మీ పని ఆగితే జోన్ వల్ల ఆగదు. ఆ ఇంటి కాగితాల వల్లనో, ఆ వీధి వెడల్పు వల్లనో, పొరుగువారి అర్జీ వల్లనో ఆగుతుంది. ఆ మూడూ అద్దె కాగితం మీద సంతకం పెట్టకముందు తేల్చుకోదగినవే.

ముందుగా స్థలం సంగతి. మన నగరానికి జోనల్ డెవలప్‌మెంట్ ప్లాన్, అంటే ఏ ప్రాంతాన్ని దేనికి వాడవచ్చో చెప్పే ప్రణాళిక, ఉంది. 1978లో ఏర్పడిన వీజీటీఎం ఉడా, అంటే విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ, ఆ ప్రణాళికల పని చూసేది. 2014 చివర రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం వచ్చాక ఆ బాధ్యత సీఆర్‌డీఏకు వెళ్లింది. కార్పొరేషన్ పరిధిలో కట్టడాల అనుమతులు, తనిఖీలు మాత్రం నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగం చేతిలో ఉంటాయి. మీరు చూసిన ఇంటి టౌన్ సర్వే నంబరు, డోర్ నంబరు, ఇంటాయన దస్తావేజు నకలు, చుట్టుపక్కల వీధులు కనిపించే చిన్న నక్షా జతచేసి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. అదే దరఖాస్తుతో మరో లేఖ కూడా ఇచ్చి, ఆ చిరునామాలో పాతికమంది పిల్లలతో డేకేర్ నడపడం ఆ జోన్‌లో అనుమతించిన వినియోగమేనా, దానికి ఎదుటి రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి, పార్కింగు ఎంత చూపాలి అని సూటిగా అడగండి. నోటిమాటగా "పెట్టుకోండమ్మా, ఏమీ కాదు" అన్న అధికారి మంచి మనసుతోనే అని ఉండవచ్చు, కానీ రేపు ఆయన బదిలీ అయిపోతే ఆ మాట మీకు అక్కరకు రాదు. దరఖాస్తు రశీదు మీద నంబరు ఉండేలా చూసుకోండి. 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శి ఉంటారు. మొదట ఆయనను కలిస్తే ఏ కాగితం తక్కువైందో అక్కడే తెలిసిపోతుంది, పెద్ద కార్యాలయం చుట్టూ తిరగడం తగ్గుతుంది.

అసలు జాగ్రత్త పడవలసింది ఇంటి దగ్గర. ఆ ఇంటికి ప్లాన్ మంజూరైనప్పుడు అది నివాస గృహంగానే మంజూరై ఉంటుంది. నివాసంగా మంజూరైన కట్టడాన్ని మరో పనికి వాడదలిస్తే వినియోగ మార్పుకు అనుమతి తీసుకోవాలి. 2017లో జీవో 119 కింద వచ్చిన ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్‌ను చేతిలో పెట్టుకొనే టౌన్ ప్లానింగ్ వారు మీ దరఖాస్తును పరిశీలిస్తారు. కనుక ఇంటాయనను మొట్టమొదట అడగవలసింది అద్దె ఎంత అని కాక, అప్రూవ్డ్ ప్లాన్ ఉందా, ప్లాన్ ప్రకారమే కట్టారని కార్పొరేషన్ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా అని. సత్యనారాయణపురం లాంటి పాత పేటల్లో ఈ రెండో కాగితం చాలా ఇళ్లకు దొరకదు. మొదటిది పోగొట్టుకున్నారంటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో కార్పొరేషన్‌ను నకలు అడగవచ్చు, ముప్పై రోజుల్లో సమాధానం రావాలి.

ప్లాన్ దొరికాక దానిని పట్టుకొని, ఒక ఎల్‌టీపీని, అంటే కార్పొరేషన్ లైసెన్సు ఉన్న ఇంజనీరునో ఆర్కిటెక్టునో వెంటబెట్టుకొని, ఆ ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. ప్లాన్‌లో ఖాళీగా చూపిన పక్క సందులో వంటగదిని ముందుకు జరిపి గోడ కట్టి ఉంటారు, వెనక బట్టలు ఉతుక్కునే చోట రేకులు వేసి గది చేసి ఉంటారు, ముందు పోర్టికోకు షట్టరు బిగించి ఉంటారు. కాపురానికి ఇచ్చినంతకాలం వీటిని ఎవరూ పట్టించుకోరు. మీ డేకేర్ మీద ఫిర్యాదు వెళ్లిన రోజున మాత్రం, ఫిర్యాదులో పిల్లల గోల అని ఉన్నా బండ్ల రద్దీ అని ఉన్నా, తనిఖీకి వచ్చిన అధికారి టేపు పట్టుకుని మొదట కొలిచేది సెట్‌బ్యాకులనే, అంటే కట్టడం చుట్టూ వదలవలసిన ఖాళీలనే. అప్పుడు నోటీసు ఇంటాయన పేరున వస్తుంది, ఆయన ఆ కోపం మీ మీద చూపిస్తారు, పిల్లలను వదిలి వెళ్లే తల్లులు మధ్యలో నలిగిపోతారు. అతిక్రమణలుంటే అవి తొలగించాకనే మాట్లాడదామని ఇప్పుడే చెప్పండి. ఎప్పుడో బీపీఎస్ లాంటి క్రమబద్ధీకరణ పథకం వస్తుంది, అప్పుడు చూసుకుందామనే ధీమా పిల్లలున్న చోట పనికిరాదు.

రోడ్డు విషయంలో కాగితం మీది అంకెను నమ్మవద్దు. ముప్పై అడుగుల రోడ్డు అని దస్తావేజులో ఉన్నా, రెండు వైపులా ఇళ్లవారు వేసుకున్న ర్యాంపులు, మెట్లు, మురుగు కాలువ పలకలు, రాత్రింబవళ్లు నిలిపి ఉంచే కార్లు పోను ఎంత మిగులుతుందో మీరే కొలవండి. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో ఇల్లు చూసుకుంటున్నవారికీ ఇదే మాట చెబుతాను. లెక్క కూడా వేసి చూపిస్తాను. ఆసుపత్రి షిఫ్టులు, బ్యాంకు వేళలు చూస్తే మీ పాతికమంది పిల్లల్లో దాదాపు అందరూ ఉదయం ముప్పావు గంట వ్యవధిలోనే వస్తారు. ఒక్కో తల్లి బండి ఆపి, బిడ్డను దింపి, ఏడుపు మాన్పించి, సంచి అందించి, బయల్దేరడానికి నాలుగు నిమిషాలు పడుతుందనుకుంటే, ఆ ముప్పావు గంట పొడవునా మీ గేటు ముందు సగటున రెండు మూడు బండ్లు నిలిచే ఉంటాయి. వాటిలో ఒక్కటి కారైనా ఎదురింటివారి గేటు మూసుకుపోతుంది. మీ వీధి పెద్దలు సంతకాలు చేసింది ఈ భయంతోనే అయి ఉంటుంది.

వారిని శత్రువులుగా చూడకండి. అర్జీ ఇచ్చే హక్కు వారికి ఉంది, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో వారు నేరుగా కమిషనర్ ముందు చెప్పుకోగలరు. అలాగని వారు వద్దన్నంత మాత్రాన మీ దరఖాస్తు చెల్లకుండా పోదు. జోన్‌లో అనుమతించిన వినియోగానికి, నిబంధనలు పాటించిన కట్టడానికి పొరుగువారి సమ్మతి షరతు కాదు. పూర్తి భూవినియోగ మార్పు, అంటే ఒక జోన్‌ను మరో జోన్‌గా మార్చడం అయితే ప్రకటన వేసి అభ్యంతరాలు పిలవాలి. మీ విషయం అంతదాకా వెళ్లనక్కరలేదు. ఈ తేడా మీరు తెలుసుకొని ఉండండి, కానీ దానిని పట్టుకొని పెద్దవాళ్ల ముందు వాదించకండి. మీరు ఆ వీధిలోనే ఉండవలసినవారు.

అర్జీ నకలు సంపాదించి, అందులోని ప్రతి అభ్యంతరానికి ఒక పేజీలో సమాధానం రాయండి. పిల్లలు పాతికకు మించరని, పదేసి నిమిషాల తేడాతో తల్లిదండ్రులకు వేళలు ఇస్తానని, ఉదయం సాయంత్రం రద్దీ వేళల్లో గేటు దగ్గర ఒక ఆయమ్మ నిలబడి పిల్లలను అందుకుంటుంది కాబట్టి ఎవరూ బండి స్టాండు వేసి లోపలికి రానక్కరలేదని, కార్లలో వచ్చేవారు బీఆర్‌టీఎస్ రోడ్డు వైపు ఆపి బిడ్డను నడిపించుకొని రావాలని అడ్మిషన్ ఫారంలోనే షరతు పెడతానని, మైకు, స్పీకరు ఏ సందర్భంలోనూ వాడనని, వార్షికోత్సవం లాంటివి వేరే హాలులో చేసుకుంటానని అందులో ఉండాలి. ఎదురిల్లు, రెండు పక్కల ఇళ్లు, వెనకిల్లు, ఈ నాలుగిళ్లకు మీరే స్వయంగా వెళ్లి ఆ కాగితం చేతికివ్వండి. మధ్యాహ్నం నిద్రపోయే వృద్ధులెవరున్నారో, ఏ ఇంట్లో పరీక్షలకు చదివే పిల్లలున్నారో అడగండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటిపూట పరిమితి 55 డెసిబెల్స్, కానీ ఆ అంకె వారికి చెప్పడం కన్నా, పిల్లలను ఆడించే వేళ ఏదో, ఏ గోడ వైపు ఆడిస్తారో చెప్పడం వారికి ఊరట కలిగిస్తుంది. ఆ తరువాత ఆ కాగితం నకలును మీ దరఖాస్తుకు జతచేయండి. అర్జీ పక్కనే మీ సమాధానం కూడా ఫైల్లో ఉంటే, నిర్ణయం తీసుకునే అధికారికి తిరస్కరించడం తప్ప మరో దారి కూడా కనిపిస్తుంది.

ఇక పిల్లల భద్రత. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక బడిలో మంటలు రేగి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ బడికి తాటాకు కప్పు ఉంది, దిగడానికి మెట్లు ఇరుకు, వంట అక్కడే జరిగేది. ఆ మూడూ ఈనాటికీ అనుమతి లేకుండా నడిచే అనేక చోట్ల వేరే రూపాల్లో కనిపిస్తూనే ఉన్నాయి కనుక ఇది రాస్తున్నాను. బడులు, జనం గుమిగూడే కట్టడాల విషయంలో స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, కట్టడం ఎత్తు 6 మీటర్లు దాటినా అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కావాలి. జీ ప్లస్ వన్ ఇల్లు ఆ 6 మీటర్ల గీతకు అటూ ఇటూగా ఉంటుంది కనుక ఎత్తు కొలిపించి, ఆ శాఖను కూడా రాతపూర్వకంగానే అడగండి. అవసరం లేదని వారు చెప్పినా, పిల్లలను కింది అంతస్తులోనే ఉంచండి. మేడ మీద రేకుల షెడ్డు వేసి ఆటస్థలం చేద్దామనే ఆలోచన ఇంటాయనకో మీకో వస్తే మానుకోండి. అది అనుమతి లేని కట్టడం అవుతుంది, పైగా మే నెల బెజవాడ ఎండకు ఆ రేకుల కింద పసిపిల్లలు పది నిమిషాలు కూడా ఉండలేరు.

ఆ ఇంట్లో కొన్నింటిని ఈ వారమే మీ కళ్లతో చూసి రండి. కిటికీలన్నింటికీ కదలని ఇనుప గ్రిల్ ఉంటే, బయటికి వెళ్లే దారి ముందు తలుపు ఒక్కటే అయితే, వెనక వైపు రెండో తలుపు తెరుచుకునేలా చేయించాలి, దాని ముందు వాషింగ్ మెషీనో బీరువానో ఉండకూడదు. గ్యాస్ సిలిండరు ఇంటి బయట గూటిలో ఉండాలి. అన్నిటికన్నా ముందు సంపు చూడండి. మన ఊళ్లో దాదాపు ప్రతి ఇంటికీ గేటు లోపలే భూమిలో నీళ్ల సంపు ఉంటుంది, దాని మీద సన్నటి రేకు మూతో, పగిలిన సిమెంటు పలకో ఉంటుంది. నడక వచ్చిన బిడ్డ దాని మీద కాలు వేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. తాళం వేసే బరువైన ఇనుప మూత బిగించనిదే ఒక్క బిడ్డను కూడా లోపలికి తీసుకోవద్దు.

ఎంతమంది పిల్లలనే ప్రశ్నకు ఒక కొలత ఉంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది, ఆపైన పనిచేసే సంస్థల్లో క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లల సంరక్షణ కేంద్రం, ఉండాలన్నారు. ఆ క్రెష్‌ల కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో కనీస మార్గదర్శకాలు ఇచ్చింది. మీది సంస్థ నడిపే క్రెష్ కాకపోయినా వాటినే కొలబద్దగా పెట్టుకోమంటాను. ఒక్కో బిడ్డకు 10 నుంచి 12 చదరపు అడుగుల చోటు, మూడేళ్ల లోపు పిల్లలు పదిమందికి ఒక శిక్షణ పొందిన మనిషి, ఆమెకు తోడు ఒక ఆయమ్మ ఉండాలని అందులో ఉంది. మీరు రాసిన హాలు, ముందు గది కలిపి 356 చదరపు అడుగులు. పాతికమందికి 12 చొప్పున 300 కావాలి. ఊయలలకు, బీరువాకు చోటు పోగా సరిగ్గా సరిపోతుంది. ముప్పైమంది అయితే ఇరుకే. కనుక ఎంత మంచి స్నేహితురాలు బతిమాలినా ఇరవై ఆరో బిడ్డను చేర్చుకోకండి. వీధివారికి మీరు రాసిచ్చిన మాట కూడా అదే కదా.

సింగ్‌నగర్ ఇంటి గురించి. అద్దె తక్కువ, చోటు ఎక్కువ అని రాశారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడినప్పుడు అజిత్ సింగ్ నగర్, పాయకాపురం వైపు కింది అంతస్తులు మునిగి, రోజుల తరబడి నీళ్లు తీయని సంగతి మీకు తెలియనిది కాదు. పసిపిల్లలను కింది అంతస్తులోనే ఉంచాలని పైన చెప్పాను. కింది అంతస్తు మునిగే చోట ఆ నియమమే ప్రమాదంగా మారుతుంది. తల్లులు సూర్యారావుపేటలో డ్యూటీలో ఉండగా నీళ్లు వస్తే వారు ఆ ఇంటికి చేరుకోలేరు. ఆ ప్రాంతమంతా ఒకే ఎత్తులో లేదు కనుక, ఆ ఇల్లు నిజంగా నచ్చితే ఎదురింటి గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూసి, పక్కవారిని అడిగి, నీరు చేరలేదని రూఢి చేసుకున్నాకనే మాట్లాడండి. నన్నడిగితే సత్యనారాయణపురం ఇంటినే, కాగితాలు సరిగా ఉన్న పక్షంలో, తీసుకోమంటాను. తల్లుల ఉద్యోగాలకు దగ్గర, మీ ఇంటికి దగ్గర, పైగా వీధిలో మీరు నలుగురికీ తెలిసిన మనిషి.

కరెంటు, పన్ను, ఆహారం, బోర్డు గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంటి కేటగిరీ మీటరుతో డేకేర్ నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అనధికార వాడకంగా లెక్కించి రెట్టింపు టారిఫ్ వేస్తారు, ఎప్పటినుంచి వాడారో తేలకపోతే ఏడాదికి వేస్తారు. కనుక విద్యుత్ పంపిణీ సంస్థలో (డిస్కం) కేటగిరీ మార్పించుకోండి. ఇంటి పన్ను 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు, ఆ వాటా నివాసేతరం కింద పడి పన్ను పెరుగుతుంది. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు తీసుకోండి. అన్నం మీరే వండిపెడితే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. బోర్డు మీద బడి, స్కూలు అనే మాటలు రాయకండి. మూడేళ్లు దాటిన పిల్లలకు ప్లేస్కూలుగా నడిపితే జాతీయ బాలల హక్కుల కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్ల మార్గదర్శకాలు ముందుకు వస్తాయి, అది వేరే దారి. పనిలో పెట్టుకునే ప్రతి ఒక్కరికీ, డ్రైవరూ వాచ్‌మన్ సహా, పోలీసు వెరిఫికేషన్ చేయించండి.

మధ్యవర్తి విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది. బోర్డు ముందు పెట్టి కాగితం తరువాత తెచ్చుకోమన్నవాడు మీ మేలు కోరేవాడు కాదు. అతడు తీసుకునే డబ్బుకు రశీదు ఉండదు, అతడు తెచ్చే కాగితం ఏ ఫైల్లో ఉందో మీరు చూపలేరు. దరఖాస్తులు కట్టడాల అనుమతుల ఆన్‌లైన్ పోర్టల్ ఏపీడీపీఎంఎస్ ద్వారా ఎల్‌టీపీ పెట్టవచ్చు, ఎక్కడ ఆగిందో నంబరుతో చూసుకోవచ్చు. ఎల్‌టీపీకి ఇచ్చే ఫీజు మాత్రం న్యాయమైన ఖర్చే.

ఇంటాయన పదకొండు నెలల నివాస అద్దె కాగితం రాస్తానంటున్నది రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికే అయి ఉంటుంది. ఆ కాగితంతో మీకు ఏ అనుమతీ రాదు. దాని మీద నివాసం అని రాసి ఉండగా డేకేర్‌కు దరఖాస్తు పెట్టడమే మీకు వ్యతిరేక సాక్ష్యం అవుతుంది. కనీసం మూడేళ్ల లీజు, డేకేర్ వాడకం కోసమేనని స్పష్టంగా రాసి, రిజిస్టర్ చేయించండి. ఆయన భయం పన్ను, కరెంటు గురించే అయితే పెరిగిన మేరకు మీరే భరిస్తానని అందులో రాయండి, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా మీదేనని చెప్పండి. అంతకుముందు తెల్లకాగితం మీద ఒక ఒప్పందం రాసుకోండి: ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్, వినియోగ మార్పు అనుమతి చేతికి వచ్చిన తేదీ నుంచే లీజు, అద్దె మొదలవుతాయని, మూడు నెలల్లో అవి రాకపోయినా, కార్పొరేషన్ తిరస్కరించినా టోకెన్ డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తారని. టోకెన్ ఒక నెల అద్దెకు మించనివ్వకండి, చెక్కు రూపంలోనే ఇవ్వండి. దీనికి ఆయన ఒప్పుకోకపోతే మీ వీధిలోనే, కాగితాలు సరిగా ఉన్న మరో కింది వాటా వెతకడం మంచిది. ఒకవేళ తిరస్కరణ వస్తే కారణాలతో కూడిన ఉత్తర్వు అడిగి తీసుకోండి. రోడ్డు వెడల్పు కారణమైతే ఆ ఇల్లు మీకు పనికిరాదు, సెట్‌బ్యాకు కారణమైతే ఇంటాయన సరిచేసుకోవచ్చు, పార్కింగు కారణమైతే పిల్లల సంఖ్య తగ్గించి మళ్లీ దరఖాస్తు పెట్టవచ్చు.